నాయిన వెనక సీట్లో కూర్చున్న రోజు

ఉద్యోగం వచ్చిన కొత్తలో నాకొక జబ్బు ఉండేది. ఎవరైనా ఏదైనా వద్దంటే చాలు, ఆ పని చేసి తీరాలనిపించేది. వానలో స్కూటీ మీద పోవద్దని అమ్మ అంటే తడిసి ముద్దై ఆఫీసుకు వెళ్లి, సాయంత్రం దాకా ఏసీలో వణుకుతూ కూర్చునేదాన్ని. క్యాంటీన్‌లో మిర్చి బజ్జీ మంచిది కాదని పక్క సీటు అమ్మాయి చెబితే, అంతకు ముందు దాని జోలికే పోనిదాన్ని ఆ రోజు నుంచీ తినడం మొదలుపెట్టాను (ఆ అమ్మాయి చెప్పింది నిజమే, అది వేరే సంగతి). ఆ రోజుల్లో దాన్ని వ్యక్తిత్వం అనుకునేదాన్ని. మా ఇంట్లో మాత్రం దాన్ని మొండితనం అనేవాళ్లు. ఆ జబ్బు ముదిరి ముదిరి చివరికి కారు మీదికి వచ్చింది.

మా నాయిన డ్రైవరు. వికారాబాద్ దగ్గరి ఊరి నుంచి వచ్చి, మణికొండలో ఇన్ని అపార్ట్‌మెంట్లు లేవక ముందే కిరాయికి దిగి, లారీ, స్కూలు బస్సు, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ వాళ్లను ఎక్కించుకునే తెల్ల క్యాబు, ఇలా చక్రాలున్నవన్నీ నడిపాడు. ఆ చక్రాల మీదే నేను ఇంజినీరింగ్ చదివాను, కొండాపూర్‌లో ఒక కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం తెచ్చుకున్నాను. కాబట్టి నేను కారు నేర్చుకుంటానంటే అందరికంటే ఎక్కువ సంబరపడేది ఆయనే అనుకున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ మాట చెప్పాను. అన్నం కలుపుతున్న ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఎందుకు?"

"నడపడానికి."

"నడపనీకి నేను లేనా?"

"నాకు నేర్చుకోవాలని ఉంది నాయినా."

"డ్రైవర్ బిడ్డ డ్రైవరే అయిందని మనోళ్లు నవ్వుతరు. నేను ఇన్నేండ్లు ముంగట కూసున్నదే నిన్ను ఎనక సీట్ల కూసోబెట్టనీకి. దర్జాగ కూసో, ఫోన్ చూసుకో. నా బండెక్కే మేడంలు గదే చేస్తరు."

నేను అంతకంటే పెద్ద గొంతుతో ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు కానీ అందులో 'నా జీవితం' అన్న మాట చాలాసార్లు వచ్చిందని మాత్రం గుర్తు. అమ్మ ఇద్దరి మధ్యా పప్పు గిన్నె పెట్టి, "ముందుగాల అన్నం తినుర్రి. నోర్లు జర బంద్ చెయ్యుర్రి" అంది. మర్నాడే వెళ్లి కొండాపూర్‌లో డ్రైవింగ్ స్కూల్లో చేరాను. రహస్యంగా కాదు. ఇంటికొచ్చి, చేరానని చెప్పాను. నాయిన టీవీ గొంతు పెంచాడు.

డ్రైవింగ్ స్కూలు మాస్టారిది గోదావరి వైపు. ఆయన నోట ఎక్కువగా వినిపించే మాటను బట్టి నేను ఆయనకు నిదానం మాస్టారు అని పేరు పెట్టుకున్నాను. "క్లచ్ నిదానంగా వదలండమ్మా. నిదానం. ఇంకా నిదానం. అదిగో, కదిలిందండి బండి. మీ చేతిలో ఏదో ఉందండీ, అందరికీ ఇంత తొందరగా రాదు" అనేవారు. రోజూ పొద్దున్నే ఆ పొగడ్త విని ఆఫీసుకు వెళ్తుంటే నడక కూడా మారిపోయింది. డ్రైవర్ రక్తం కదా, ఊరికే పోతుందా అని నాలో నేనే గర్వపడేదాన్ని. ఇంట్లో నాయిన వినేలా, "మా మాస్టారు నాకు పుట్టుకతోనే వచ్చిందంటున్నారు" అని అమ్మతో చెప్పేదాన్ని. నాయిన టీవీ వైపే చూసేవాడు. ఒక్కసారి మాత్రం, "గా బండికి ఎన్ని పెడల్లున్నయో లెక్కపెట్టినవా?" అని అడిగాడు. నాకు అర్థం కాలేదు, అర్థం కాలేదని ఒప్పుకోవడం ఇష్టంలేక మూడే అని చెప్పేశాను. ఆయన నవ్వు ఆపుకుంటున్నట్టు నాకు అనుమానం వచ్చింది.

అసలు సంగతి ఒక పొద్దున బయటపడింది. సందు మలుపులో ఉండగా మాస్టారికి ఫోన్ వచ్చింది. వాళ్లింట్లో ఏదో పెళ్లి మాటలు. ఆయన ఉత్సాహం కొద్దీ రెండు కాళ్లూ సీటు మీదికి తీసుకుని బాసింపట్టు వేసుకుని మాట్లాడుతున్నారు. నేను ఎప్పటిలాగే క్లచ్ వదిలాను. బండి కప్పలా ఒక్క గెంతు గెంతి, అరటిపళ్ల బండికి జానెడు దూరంలో దగ్గి చచ్చిపోయింది. పళ్లమ్మే ఆమె నన్ను కాకుండా మాస్టారిని తిట్టింది. అప్పుడు చూశాను, ఆయన సీటు ముందు కూడా పెడల్లున్నాయి. ఇన్నాళ్లూ అవి కాళ్లు పెట్టుకునే పీటలనుకున్నాను. నేను నడిపింది స్టీరింగ్ ఒక్కటే. మిగతా కారంతా మాస్టారే నడుపుతున్నారు.

"మరి బాగా నడుపుతున్నానని రోజూ అన్నారు కదండీ" అన్నాను ఏడుపు గొంతుతో.

"బాగా తిప్పుతున్నారనే అన్నానండి" అన్నారాయన, కాళ్లు కిందికి దించుకుంటూ. "తిప్పడంలో మీకు వంక పెట్టలేమండీ."

ఇంకొకరైతే అక్కడితో మానేసేవారేమో. నాకు కోపం వచ్చింది, కోపమొస్తే నాకు బలమొస్తుంది. ఆ రోజు నుంచీ మాస్టారిని కాళ్లు ముడుచుకునే కూర్చోమన్నాను. పాపం, ఆయన ఫీజు తీసుకున్న నేరానికి కళ్లు మూసుకుని, ఏదో దేవుడి పేరు తలుచుకుంటూ కూర్చునేవారు. బండి ఆగిపోయిన ప్రతిసారీ నేను మళ్లీ తాళం తిప్పేదాన్ని. ఆఫీసులో కూడా బల్ల కింద ఎడమకాలితో క్లచ్ నొక్కడం, వదలడం సాధన చేసేదాన్ని. ఒక మధ్యాహ్నం అలాగే నిదానంగా నొక్కబోతే, కాలు పోయి కరెంటు ఎక్స్‌టెన్షన్ బాక్సు స్విచ్చి మీద పడింది. మా వరుసలో ఉన్న తెరలన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి. అమెరికా వాళ్లతో మాట్లాడుతున్న మా టీమ్ లీడు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. ఎలకేమో అన్నాను. మెయింటెనెన్స్ వాళ్లు వచ్చి వెతికి, నిజంగానే ఒక ఎలకను పట్టుకున్నారు. అదృష్టం కొన్నిసార్లు మొండివాళ్ల పక్షానే ఉంటుంది.

ఏదైతేనేం, లైసెన్సు వచ్చింది. మా ఇంట్లో ఒక పాత చిన్న కారు ఉండేది, నాయిన సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, ఆదివారాలు గుడికో చుట్టాల ఇంటికో వెళ్లడానికి. దాని తాళం ఎప్పుడూ ఆయన చొక్కా జేబులోనే ఉండేది. లైసెన్సు కార్డు ఆయన చాయ్ గ్లాసు పక్కన పెట్టి, తాళం కోసం చెయ్యి చాపాను. ఆయన కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కాయిదం ఎవలైన ఇస్తరు. రేపు పొద్దుగాల మన ఇంటికాన్నుంచి కొండాపూర్ల నా క్యాబు పార్కింగ్ దాకా నువ్వే తీస్కపో. నడుమల ఒక్కసారన్న 'నాయినా, నువ్వు పట్టు' అన్నవా, ఇగ జిందగీల స్టీరింగ్ ముట్టద్దు. సరేనా?"

"సరే. అయితే నువ్వు ముందు సీట్లో కూర్చోవద్దు. హ్యాండ్ బ్రేక్ లాగుతావు. వెనక కూర్చో."

ఆయన ముఖం చూడాలి. జీవితంలో ఎవరూ ఆయనకు ఆ మాట చెప్పినట్టు లేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున నాయిన డ్యూటీ యూనిఫాం వేసుకున్నాడు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. వెనక సీట్లో ఎలా కూర్చోవాలో తెలియక, దవాఖానలో డాక్టరు కోసం కూర్చున్న మనిషిలా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని అంచున కూర్చున్నాడు. నేను మెడలో ఆఫీసు ఐడీ కార్డుతో, గట్టిగా బిగించిన జడతో, యుద్ధానికి పోతున్నదానిలా ముందు కూర్చున్నాను. మణికొండ సందుల్లో బండి రెండుసార్లు ఆగిపోయింది. రెండుసార్లూ నాయిన కిటికీలోంచి బయటికి చూశాడు. గచ్చిబౌలి దాకా బాగానే వచ్చాం. నేను పాట కూడా అందుకోబోయాను. అప్పుడు ఫ్లైఓవర్ వచ్చింది.

ఫ్లైఓవర్ ఎక్కే వాలు మీద సగం దూరం వెళ్లేసరికి ట్రాఫిక్ ఆగిపోయింది. ఆ టైములో అక్కడ ఆగకపోతేనే వింత. నా ముందు ఆఫీసు బస్సు, నా వెనక ఒక పెద్ద నల్ల కారు, దాదాపు నా డిక్కీని ఆనుకుని. బస్సు కదిలింది. నేను బ్రేకు మీద నుంచి కాలు తీశాను, బండి ముందుకు కాకుండా వెనక్కి జారింది. నల్ల కారు హారన్ కొట్టింది. బెదిరి క్లచ్ వదిలేశాను. ఇంజను ఆగింది. మళ్లీ స్టార్ట్ చేశాను, మళ్లీ ఆగింది. ఈలోపు బస్సు వెళ్లిపోయి నా ముందు రోడ్డంతా పెళ్లి అయిపోయిన పందిరిలా ఖాళీగా ఉంది, నా వెనక ఐటీ ప్రపంచమంతా నిలబడి హారన్ కొడుతోంది. చెవుల్లో ఆ మోత, వీపు మీద చెమట. గొంతు దాకా వచ్చింది ఆ మాట, 'నాయినా, నువ్వు పట్టు' అని. పళ్లు బిగించి మింగేశాను. అద్దంలోకి చూడలేదు. చూస్తే అనేస్తానని తెలుసు.

ఒక బైకతను ఆగి కిటికీ తట్టాడు. "మేడం, వెనక డ్రైవర్ ఉన్నాడు కదా, ఆయనకివ్వొచ్చు కదండీ. మాకు లాగిన్ టైం అవుతోంది."

"ఇవ్వను" అన్నాను. ఎందుకంత కటువుగా అన్నానో పాపం అతనికి అర్థమై ఉండదు.

ఇంతలో ట్రాఫిక్ కానిస్టేబుల్ నడుచుకుంటూ వచ్చాడు. ముందు నన్ను చూశాడు, తర్వాత వెనక్కి వంగి తెల్ల బట్టల్లో ఉన్న నాయినను చూశాడు. కానిస్టేబుల్‌కు ఈ లెక్క ఎటునుంచి చూసినా కుదరలేదు.

"ఏందన్నా గిది? డ్రైవర్వి నువ్వు ఎనక కూసున్నవ్, మేడం ముంగట కూసున్నది. దిగి బండి తియ్యరాదు, పబ్లిక్ మొత్తం పరేషాన్ అయితున్నరు."

నాయిన వెనక కిటికీ అద్దం దించే చప్పుడు వినిపించింది. తలుపు తీసుకుని దిగుతాడనుకున్నాను. దిగితే నాకు చెప్పడానికి ఏమీ మిగలదు. స్టీరింగ్‌ను రెండు చేతులతో పట్టుకుని ఉన్నాను, ఎవరైనా లాక్కుపోతారేమో అన్నట్టు.

"నేను ఇయ్యాల సవారీని సార్" అన్నాడు నాయిన. "డ్రైవర్ ముంగటనే ఉన్నది. నా బిడ్డ. జర టైం ఇయ్యుండ్రి, తీస్తది."

కానిస్టేబుల్ ఏమనుకున్నాడో ఏమో, వెనక్కి నడిచి ఆ నల్ల కారు పక్కన నిలబడి, దాని ముందుకు చెయ్యి అడ్డం పెట్టాడు. నేను హ్యాండ్ బ్రేక్ పైకి లాగాను. ఇంజను స్టార్ట్ చేసి, క్లచ్‌ను నిదానంగా వదులుతూ, బండి ముక్కు కొంచెం లేచినట్టు అనిపించేదాకా ఆగాను. హ్యాండ్ బ్రేక్ దించాను. బండి వెనక్కి పోలేదు. ముందుకు పోయింది. కాలిన వాసనతో, పెద్ద రొదతో, సిగ్గూ శరం లేకుండా ఫస్ట్ గేరులోనే ఫ్లైఓవర్ అంతా ఎక్కి దిగింది. సెకండ్ వేయడం నాకు తెలియక కాదు, కాలు ఎత్తే ధైర్యం లేక.

పార్కింగ్ దగ్గర బండి ఆపి, గెలిచినదాన్ని కదా, ఆయన నోటి వెంట ఒక్క మాట విందామని వెనక్కి తిరిగాను. సీట్లో నాయిన లేడు. బయట ఫుట్‌పాత్ మీద తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ముఖం పాలిపోయింది.

"ఏమైంది నాయినా?"

"కడుపుల తిప్పుతుంది. ఎనక కూసుంటె గింత ఆగమైతదని నాకేం ఎరుక?"

"నాకు చిన్నప్పటి నుంచీ అంతే. క్యాబులో పోయిన ప్రతిసారీ అంతే."

"మరి చెప్పకపోతివి?"

"దర్జాగ కూసో అన్నావు కదా."

ఆయన నీళ్లు తాగి, ముఖం కడుక్కున్నాడు. నడిపింది బాగుందనలేదు. "క్లచ్చు ప్లేట్ సగం కాల్చినవ్" అన్నాడు. తర్వాత తన క్యాబు వైపు నడుస్తూ, వెనక్కి తిరగకుండానే, "సాయంత్రం నేను బస్సుల పోత. బండి నువ్వే తెచ్చుకో. మెయిన్ రోడ్ల అద్దాలు చూసుకుంట రా" అన్నాడు. తాళం అడగలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు.

అక్కడి నుంచి మా ఆఫీసు దగ్గరే. పక్క సీటులో గానీ వెనక సీటులో గానీ ఎవరూ లేకుండా నేను నడిపిన మొదటి దూరం అదే. సెల్లారులో బండి పెట్టి, ఇంజను ఆపి, ఎవరూ చూడకుండా కాసేపు ఏడ్చాను. తర్వాత ముఖం తుడుచుకుని పైకి వెళ్లి, ఆలస్యమెందుకైందని టీమ్ లీడు అడిగితే, "కారులో వచ్చాను" అని అందరికీ వినబడేలా చెప్పాను. ధ్యాసంతా ఇంకా ఫ్లైఓవర్ మీదే ఉండడం వల్ల పాస్‌వర్డు తప్పుగా కొట్టి కొట్టి, నా కంప్యూటరు నన్ను బయటికి గెంటేసింది. మధ్యాహ్నం దాకా పని లేకుండా, తల మాత్రం బాగా పైకెత్తుకుని కూర్చున్నాను.

ఇప్పుడు ఆ ఫ్లైఓవర్ నా కాళ్లకు నిద్రలో కూడా తెలుసు. ఫోన్ స్పీకర్‌లో మీటింగు వింటూ, కూరగాయలు ఏం తీసుకోవాలో ఆలోచిస్తూ ఎక్కి దిగుతుంటాను. హారన్ వినిపిస్తే విసుగే తప్ప కోపం రావడం లేదు. ఎవరైనా వద్దంటే, పోనీలే అని ఊరుకునే వయసు కూడా వచ్చేసింది. అప్పుడప్పుడు ఆ వాలు మీద బండి ఆగినప్పుడు, బిగించిన జడతో, మెడలో ఐడీ కార్డుతో ఆ పిల్ల పక్క సీట్లో ఉంటే బాగుండుననిపిస్తుంది. ఉంటే ఒక మంచి మాట చెప్పాలని కూడా అనిపిస్తుంది, అంత గట్టిగా పట్టుకోనక్కర్లేదమ్మా, స్టీరింగ్‌ను ఎవరూ ఎత్తుకుపోరు అని. చెప్పినా వినే రకం కాదులెండి. వింటే నాకే దిగులుగా ఉండేది.