వదలమంటే వదిలిన చెయ్యి

మీకు గిట్టని నమ్మకం ఉన్న మనిషి నోట నిజం వస్తే, మీరు పరీక్షించి చూస్తారా, నవ్వి పంపేస్తారా? నేను నవ్వాను. ఆ నవ్వును ఇన్నేళ్లుగా మోస్తున్నాను.

ప్రత్యేక రాష్ట్రం కోసం బందులు నడుస్తున్న రోజులు. మహబూబాబాద్‌లో ఒక చిన్న దవాఖానలో నర్సును. డ్యూటీ దిగితే దీక్షా శిబిరానికి పోయి, అక్కడా నా హేతువాదం వదలక, పరీక్షించనిదేదీ నమ్మొద్దని మైకులో అరిచేదాన్ని.

తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పిన ఐలయ్యను గూడూరు దగ్గరి ఊరి నుంచి తెచ్చారు. గంటగంటకూ పేరుపెట్టి పిలవాలి. నా వేళ్లు అతని చేతిలో పెట్టి పట్టుకొమ్మనాలి, తర్వాత వదలమనాలి, చూసింది చార్టులో అంకెలుగా రాయాలి. పట్టు దానంతటదే బిగుసుకోవచ్చు. వదలమంటే వదిలాడంటే మాత్రం లోపల మనిషి వింటున్నట్టు. కాస్త మార్పున్నా వరంగల్ పెద్ద దవాఖానకు పంపుదామని, లేకపోతే ఇంటికేనని డాక్టరు చెప్పాడు.

మూడోనాడు మధ్యాహ్నం అతని భార్య యాకమ్మ ఉరికొచ్చింది.

"అక్కా, కురవి వీరన్న ఇబూది పెట్టంగనే నా చెయ్యి పట్టిండు. జర వచ్చి చూడు."

"విభూతితోని మెదడు లేస్తే గీ దవాఖాన ఎందుకు యాకమ్మా?"

"దేవుణ్ణి నమ్మకు తియ్యి. నా చేతినన్న నమ్మరాదు?"

నేను లేవలేదు. చార్టులో పై గంట అంకెలే కింది గడిలో దించాను. అలసటా? కాదు. వెళ్లి చూస్తే, ఆ చెయ్యి నిజంగానే పట్టుకుంటే, ఆమె దేవుడు గెలుస్తాడని భయపడ్డానా? చూసి చెప్పింది ఆమె, చూడకుండా తేల్చింది నేను. మా ఇద్దరిలో హేతువాది ఎవరు?

ఆ కాగితం చూసి డాక్టరు ఇంటికి పంపమన్నాడు. ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తుంటే ఐలయ్య వేళ్లు నా కోటు అంచు పట్టుకున్నాయి.

"వదులు ఐలయ్యా" అన్నాను, అలవాటుగా.

వదిలాడు.

నేను అరవాల్సింది. ఆటోకు అడ్డం పడాల్సింది. నా రాత తప్పని డాక్టరు ముందు ఒప్పుకోవాల్సి వస్తుందని నోరు మూసుకున్నాను. యాకమ్మ నాకు దండం పెట్టి మరీ ఎక్కింది. వారానికి అతను పోయాడని తెలిసింది. వరంగల్ పోతే బతికేవాడా? తెలియదు. తెలుసుకునే దారిని నేనే మూశాను.

ఇప్పటికీ ఎవరు నా చెయ్యి పట్టుకున్నా అందులో ఆ పట్టునే వెతుక్కుంటాను. ఒక్కసారి మళ్లీ దొరికితే వదలమనను.

క్షమాపణ అడగడం లేదు. చెప్పాను, అంతే, కాస్త ఊపిరి ఆడుతోంది. మాట రాని మనిషి మంచం పక్క నుంచి ఎవరైనా "చెయ్యి పట్టిండు" అంటే, మీరు కలం కింద పెట్టండి. లేచి వెళ్లి, మీ వేళ్లు ఆ చేతిలో పెట్టండి.