లేబుల్ లేని చొక్కా

ఎనభైల చివరి మాట. మాది సూర్యాపేట. నేనప్పుడు పదో తరగతి. కాలర్ లోపల టైలర్లు కుట్టే లేబుల్ మెడకు గుచ్చుకుంటోందని నాన్న ఒకటే విసుక్కునేవాడు. కొత్త చొక్కా రాగానే అమ్మ దాన్ని బ్లేడుతో కోసేసేది.

ఒకరోజు కోదాడ దగ్గర నాన్న ఎక్కిన బస్సు లారీని గుద్దుకుంది. ఏడుస్తూ దవాఖానకు పరుగెత్తాం. చనిపోయినవాళ్ల ముఖాలు గుర్తుపట్టేలా లేవు. పోలీసులు చొక్కాల మీది లేబుళ్లు చూసి, ఆయా టైలర్ల ద్వారా ఇళ్లకు కబురు పంపుతున్నారు.

"గీ ఒక్కాయన ఎవలో తెలుస్తలేదమ్మా. అంగికి లేబులే లేదు" అన్నాడు కానిస్టేబుల్.

అమ్మ వంగి ఆ కాలర్ లోపల వేలితో తడిమింది. తెగిన దారప్పోగులు తగిలాయి.

"గిది నేను కోసిందే సారూ" అంటూ కూలబడిపోయింది.

ఇప్పుడు నా మెడ ఎర్రగా కందిపోయినా సరే, అమ్మ నా చొక్కా లేబుల్ తీయనివ్వదు.