పత్తి పువ్వు మీది పసుపు

ఏండ్ల సంది ఒక మాట మోస్తున్న. బరువు తగ్గలే. నువ్వెవరో నాకు తెల్వదు, గందుకే నీకు చెప్పబుద్ధయితున్నది.

నాది గద్వాలల చిన్న ఫోటో స్టూడియో. పెండ్లిళ్లు తీసి బతుకుత గని పాణమంత పువ్వుల మీదనే. లెన్సుతోని దగ్గరికి, ఇంకా దగ్గరికి పోతే పువ్వు పువ్వులెక్కనే ఉండదు. బీరపువ్వు ఇసుకమేట అయితది, తంగేడు రేకుల ఏర్లు పారుతయి. చూస్తున్నదేందో తెల్వకుంట చూసుడుల ఏం మజా ఉన్నదో, ఇప్పటికీ అంతువట్టదు.

మా మామ కంపెనీకి విత్తనం ఇచ్చే సీడు పత్తి వేసేటోడు. ఆడ చెట్ల మొగ్గలల్ల పుప్పొడి భాగం సాయంత్రమే గిల్లెయ్యాలె. తెల్లారి మగ చెట్ల పువ్వు తెచ్చి రుద్ది, గుర్తుకు దారం కట్టాలె; దారమున్న కాయలే విత్తనానికి తీస్తరు. వేరే పుప్పొడి తగిలితే విత్తనం పరీక్షల ఫెయిలు. ఆ పని కూలికొచ్చే మరియమ్మక్క చేసేది.

నేను కెమెరా పట్టుకొని ఆమె ఎంబడి తిరిగేటోన్ని. గిల్లిన పువ్వుల నడుమ తెల్లటి కాడ ఒక్కటే మిగులుతది. దాని మీద పసుపు గింజలు పడితే దగ్గర నుంచి ఎట్లుంటది? ఆగలేకపోయిన. పక్క చేన్ల మామూలు పత్తి పువ్వు తెంపుకొచ్చి రుద్దిన. ఒకటి సరిగ్గ రాకపోతే ఇంకోటి. అనుమానం రావద్దని వాటికి దారం గూడ కట్టిన. తెల్లకొండ మీద పసుపు రాళ్లు దొర్లినట్టు వచ్చింది ఫోటో. అంత మంచిది మళ్ల తియ్యలే.

విత్తనం ఫెయిలయింది. మామ మరియమ్మక్కను వాకిట్ల నిలవెట్టిండు.

"వేరే పుప్పొడి కలిపినవు గదా?"

"లేదయ్యా, నా పిల్లల మీద ఒట్టు." నా దిక్కు తిరిగింది. "తమ్మీ, నువ్వు నా ఎంబడే ఉంటివి. జర నువ్వన్న చెప్పు."

"ఫోటోలల్ల పడి నేను చూడలేదక్కా," అన్న.

"చూస్తే చెప్పేటోనివే తమ్మీ," అని వాకిట్లకెళ్లి పోయింది. నన్ను నమ్మింది. అదే నాకు ఇంకా బాధ.

ఆ తర్వాత ఏ చేనుకూ ఆమెను ఎవ్వరు పిలువలే. పిల్లలను తోల్కొని బొంబాయి దిక్కు మట్టిపనికి పోయింది.

నేను రుద్దిన ఆ కొన్ని పువ్వులకే అంత విత్తనం చెడిందా? తేనెటీగలు వేరే పుప్పొడి తెచ్చి ఉండవా? తెలిసినోళ్లను అడగొచ్చు. అడిగితే ఎందుకని అంటరేమోనని భయపడి, ఇన్నేండ్లు ఆ ప్రశ్న చాటుకే దాక్కున్న. గని అది తేలినా తేలకున్నా, వాకిట్ల ఆమె అడిగినప్పుడు నేనన్న మాట అబద్ధమే గద? పువ్వు లోపల ఏమున్నదో చూడనీకి అంత ఆశపడ్డోన్ని, ఎదురుంగ నిలవడ్డ మనిషికి ఏమయితదో ఎందుకు ఆలోచించలే?

ఇప్పుడు మరియమ్మక్క ఖిల్లా ఘణపూర్ల బిడ్డ ఇంట్ల ఉంటున్నదట. ఒకపారి బస్సెక్కిన. నడుమ వనపర్తిలనే దిగి వెనక్కి వచ్చిన. మళ్ల పోతనో పోనో తెల్వదు.

రుద్దింది నేను. దారం కట్టింది నేను. చూడలేదన్నది నేను. ఇది ఒక మనిషికి చెప్పుడు ఇదే మొదలు. జర ఊపిరి ఆడుతున్నది.