పళ్లు చూసి తెమ్మన్నాడు

మా జీపు మునగాల దగ్గర ఆగిపోయింది. రోట్లో రాళ్లు వేసి దంచినట్టు వెనక నుంచి చప్పుడు వచ్చింది. ఆ తర్వాత ఇంజిన్ తిరుగుతోంది గానీ చక్రాలు కదలవు. ధాబా ముందు దిగి నిలబడ్డాం. మా ఆయన నడుం మీద చెయ్యి వేసుకుని బండి కిందికి తొంగి చూడబోయాడు, వంగలేకపోయాడు. నాకు జీపు కంటే ఆ నడుం మీదే బెంగ పుట్టింది.

మేం సూర్యాపేటలో ఉంటాం. బోర్లలో కాలిపోయిన మోటార్లను పైకి తీసి, బాగుచేయించి, మళ్లీ దింపడం మా పని. మోటారు లాగడానికి బోరు మీద నిలబెట్టే మూడు పొడుగాటి ఇనుప కాళ్లు, గొలుసు, గిలక, ఈ సామానంతా పొలం మధ్యలో ఉన్న బోరు దాకా చేరాలి. పెళ్లయిన కొత్తలో ఆయన ఆ కాళ్లను భుజం మీదే మోసేవాడు. మోసీ మోసీ నడుం పోయింది. ఇక బరువెత్తితే కాలు చచ్చుబడుతుందని దవాఖానలో కచ్చితంగా చెప్పారు. అందుకే ఈ పాత జీపు కొన్నాం. నాలుగు చక్రాలూ లాగుతాయి కాబట్టి నల్లరేగడి బురదలో కూడా బోరు పక్కకు పోయి నిలబడుతుంది. చుట్టాలు చూసి షోకన్నారు. షోకూ లేదు, పాడూ లేదు. అది ఆయన నడుం.

ట్రాక్టరుకు కట్టి కోదాడ దాకా లాక్కుపోయాం. ఇట్లాంటి పాత జీపుల పని తెలిసిన మెకానిక్ ఒకాయన అక్కడ ఉన్నాడు. విప్పి చూసి పెదవి విరిచాడు. వెనక ఇరుసు మధ్యలో, గుండ్రటి డబ్బా లోపల ఉండే గేరు ముక్కలైపోయింది. డబ్బా కూడా పగిలింది. కొత్తది మా వల్ల కాదని మా మొహాలు చూసే తెలుసుకున్నట్టున్నాడు, ఆ మాటే ఎత్తలేదు. మిర్యాలగూడలో రైసుమిల్లుల వెనక పాత బండ్ల సామాను అమ్మే కొట్టుంది, అక్కడ మొత్తం ఇరుసు దొరుకుతుందన్నాడు. మా ఆయన షెడ్డులో నులక మంచం మీద పడుకున్నాడు. బస్సు కుదుపులకు ఆయన తట్టుకోలేడు. నేనే బయల్దేరాను.

ఆ మెకానిక్‌కు ఒక పట్టింపు ఉంది. వేరే బండి నుంచి ఊడదీసిన సామాను పూజ చేయకుండా బిగించడు. ఏ యాక్సిడెంటు బండిదో, ఎవరి ఉసురు తగిలిందో అంటాడు. నేను మిర్యాలగూడలో బస్సు దిగుతుండగా ఫోన్ చేశాడు. పక్కన లారీల హారన్లు, సగం మాట వినబడదు.

"కొబ్బరికాయ, నిమ్మకాయలు నేను తెప్పిస్తాలే అక్కా. నువ్వు పళ్లు మాత్రం చూసుకుని తీసుకురా. తేడా ఉంటే పనికిరావు."

సరేనన్నాను. అందులో అడగడానికేముంది?

కొట్టువాడు తుప్పు పట్టిన ఇరుసొకటి చూపించి, ఇది కూడా మీ జీపుదే, తీసుకుపోయి ఎక్కించుడే అన్నాడు. పొడవు కొలిచాను, చక్రం తిప్పి చూశాను, బాగానే తిరిగింది. బేరమాడి, ట్రాలీ ఆటోలో వేయించి, పండ్ల బండి దగ్గర ఆపించాను. ఎండలో నిలబడి ఒక్కొక్కటీ ఏరాను. మచ్చ ఉన్నదాన్ని పక్కన పెడుతుంటే బండామె విసుక్కుంది. తేడా ఉండొద్దన్నాడు కదా. కోదాడ దాకా ఆ సంచిని ఒళ్లోనే పెట్టుకున్నాను, నలగకుండా.

పూజ అయింది. కొబ్బరికాయ బాగానే పగిలింది. నూనె పోయడానికి ఇరుసు మీది మూత విప్పిన మెకానిక్ గేరును వేలితో తిప్పుతూ లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"అక్కా, పళ్లు లెక్కపెట్టలేదా?"

"పెట్టకేంది? అరటిపండ్లు డజను, బత్తాయిలు ఆరు."

ఆయన నన్ను చూశాడు, దేవుడి పటం ముందున్న సంచిని చూశాడు. నవ్వలేదు. నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. జీపుల్లోనే రకాలున్నాయట. ముందు ఇరుసులో గేరు పళ్లూ వెనక ఇరుసులో గేరు పళ్లూ లెక్క కలవాలి. కలవకపోతే ముందు చక్రాలు ఒక వేగంతో, వెనకవి ఒక వేగంతో పోతామని కొట్లాడుకుంటాయి. నాలుగు చక్రాల గేరు వేశామా, ఇంకేదో పగులుతుంది.

నా తప్పేం లేదని ఇప్పటికీ అంటాను. మాకు నోట్లోవీ పండ్లే, చెట్టువీ పండ్లే. కొబ్బరికాయ, నిమ్మకాయలని మొదలుపెట్టి ఆ వెంటే పళ్లు అంటే ఎవరికైనా ఇనుము గుర్తొస్తుందా? గేరు అని ఒక్క ముక్క కలిపితే ఆయన సొమ్మేం పోయేది? కోపంతో ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. కొట్టువాడికి ఫోన్ చేస్తే, అమ్మిన సామాను వెనక్కి తీసుకోనన్నాడు. ఇంకొకటి వెతుక్కుందామంటే యాసంగి పంట కాలం నడుస్తోంది. రోజూ ఏదో ఒక ఊళ్లో మోటారు కాలుతోంది, రైతులు ఫోన్లు చేస్తున్నారు. ఇవాళ మనం పోకపోతే రేపు ఇంకొకణ్ని పిలుచుకుంటారు.

మా ఆయన మంచం మీద లేచి కూర్చుని, నడుం పట్టుకుని చాలాసేపు నవ్వాడు. ఒక బత్తాయి ఒలిచి సగం నాకిచ్చాడు.

"మంచిగనే సూసి తెచ్చినవ్. తియ్యగున్నయ్."

చివరికి ఆ ఇరుసే బిగించారు. ముందు చక్రాలకు బలం తీసుకుపోయే కడ్డీని మెకానిక్ ఊడదీసి, గోనెసంచిలో చుట్టి నా చేతికిచ్చాడు. పొరపాటున నాలుగు చక్రాల గేరు పడినా ఇక ఏదీ పగలదన్నాడు. రోడ్డు మీద ఏ ఇబ్బందీ ఉండదట, బురదలోకి మాత్రం దింపొద్దట. మా పనంతా బురదలోనే అని ఆయనకు తెలుసు.

ఆ కడ్డీ ఇంట్లో మంచం కింద ఉంది.

ఆ తర్వాత మొదటి ఫోన్ కోదాడ పక్కనున్న అనంతగిరి వైపు నుంచి వచ్చింది. వరి పొట్ట మీద ఉంది, మోటారు కాలింది. పోయాం. జీపు రోడ్డంతా హాయిగా నడిచింది, బాట చివర ఆగింది. బోరు రెండు మడుల అవతల ఉంది. మునుపైతే ఆయన కిందికి కూడా దిగకుండా, గేరు మార్చి నేరుగా బోరు పక్కకు పోయేవాడు. ఇప్పుడు దిగాడు. కండువా మడతపెట్టి భుజం మీద వేసుకుని, ఇనుప కాలు ఒకటి కిందికి లాగాడు.

రైతును పిలుద్దామన్నాను. ఆ రైతు కాలిన మోటారు తీగల దగ్గర ఉన్నాడు, ముసలాయన, ఆయన మోసేదేముంది? ఇక నేనే రెండో కొన ఎత్తుకున్నాను. లావు వైపు నాకియ్యమన్నాను, ఇవ్వలేదు. ఆయన ముందు, నేను వెనక, జారే గట్టు మీద అడుగులో అడుగు వేసుకుంటూ పోయాం. మొదటి మడి దాటాక ఆయన ఆగిపోయాడు. ఎంతకీ కదలడు.

"ఏమైంది?"

"ఏం లే. కండువ జారింది, జర ఆగు."

వెనక నుంచి చూస్తూనే ఉన్నాను. కండువా పెట్టింది పెట్టినట్టే భుజం మీద ఉంది.