పోచమ్మ ఎడమ భుజం

మా పిల్లను బోధన్‌లో పై చదువుకు పంపాలా వద్దా అని ఈ రోజు పోచమ్మను అడిగాం. అడగాలని పట్టుబట్టింది మా అవ్వ. విగ్రహం భుజాలకు తడిపి అంటించిన పువ్వుల్లో కుడి భుజానిది ముందు రాలితే పంపాలి, ఎడమది రాలితే మాన్పించాలి. నేను పొద్దున్నే వెళ్లి ఎడమ భుజానికి బెల్లం పాకం పూసొచ్చాను. నా భార్య పువ్వులు అంటించింది. కుడిదే రాలింది. అవ్వ దండం పెట్టి ఒప్పుకుంది. అంతలో ఎడమ పువ్వుకు చీమలు పట్టాయి.

“నీ తెలివి తెల్లార, పాకం పూసినవా?” అని నా భార్య నా చెవిలో గొణిగింది.

“పూసిన. అవ్వకు చెప్తవా?”

“ఏమని చెప్త? కుడి పువ్వును నేను తడపనే లే.”

ఒక్క మాటైనా అనుకోకుండా మా ఇద్దరి చేత ఒకే దొంగపని చేయించిన పోచమ్మ తల్లికి మళ్లీ మొక్కాను. దీన్ని మహిమ కాదనేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.