లోపలి జేబు

సెలవుల ముందు వారం బట్టల దుకాణం వెనక గదిలో టైలరమ్మకు తలెత్తే తీరిక ఉండదు. ఎడమచేతి వాటం మనిషి. దారం చివర ముడి తిరగేసి వేస్తుంది, అలా ఇంకెవరికీ రాదు. పొడవు తగ్గించమని వచ్చిన ప్రతి కోటుకూ, ఎవరూ అడక్కుండానే, లోపల చిన్న జేబు కుట్టి ఒక చాక్లెట్ పడేస్తుంది. ఎవరైనా తిరిగొచ్చి అడిగితే, "నాకేం తెలుసమ్మా, కోటే దాచుకుందేమో!" అంటుంది. తన నోట్లో మాత్రం ఎప్పుడూ గుండుసూదులే. "ముందు టీ తాగక్కా" అని ఇస్త్రీ అతను పోరుపెడితే, "ఈ ఒక్కటీ అవనీ" అంటుంది. ఆ ఒక్కటీ ఎప్పటికీ అవదు, కప్పులో టీ మీగడ కట్టేస్తుంది.

నిన్న సాయంత్రం, పొద్దుటినుంచీ ఆవిడ ఒంటిమీదే ఉన్న పాత స్వెట్టర్‌లో ఏదో ఒత్తుకుంది. లోపల చెయ్యి పెడితే ఎన్నడూ లేని జేబు, అందులో చాక్లెట్. "ఎవరు పెట్టారిది?" అంది. ఇస్త్రీ అతను నవ్వాడు. "నాకేం తెలుసక్కా, స్వెట్టరే దాచుకుందేమో!" ఆవిడ నవ్వలేదు. జేబు దారానికి ముడి తిరగేసి ఉంది, అచ్చం తను వేసినట్టే. నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి, చాక్లెట్ కాగితం విప్పుతూ గోడకున్న నిలువుటద్దం వైపు తిరిగింది. అద్దంలో ఉన్నావిడ అప్పటికే చప్పరిస్తోంది.