ఎడమ చెవి దిక్కు

మా అత్తమ్మ మొన్న బుధవారం పొద్దున పంజాగుట్టలోని మా ఇంట్లోనే కన్నుమూసింది. తెలిసినవాళ్లందరికీ మా ఆయన ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చాడు. నాకు నలుగురిలో చెప్పడం చేతకాదు, అందుకే రాస్తున్నాను.

నేను కాపురానికి వచ్చేసరికే ఆమె కుడి చెవి వెనుక ఒకసారి కోత అయింది. చీము పోవాలని ఎముక తొలిచారు. ఇక చెవిలో నూనె పోయవద్దన్నారట. కానీ ఆదివారం చర్చికి పోవాలంటే శనివారం తలకూ చెవులకూ నూనె పెట్టుకోవాల్సిందే, అది ఆమె పుట్టింటి అలవాటు. ఒక చెవిని వదిలేస్తే స్నానం చేసినట్టే ఉండదనేది. దానివల్లో, మరెందువల్లో, చీము మళ్లీ మొదలైంది. వాసన ఎవరికీ తగలకూడదని దూది పెట్టుకుని చివరి చాప మీద కూర్చునేది. అమీర్‌పేట చర్చిలో మీరు చూసే ఉంటారు.

నాది చిన్న గొంతు. కొత్తలో నేనేమడిగినా ఆమెకు వినపడేది కాదు. ఒకరోజు చెయ్యి పట్టుకుని తన ఎడమ పక్కకు లాక్కుంది.

"ఇగ ఇటే కూసో. గట్టిగ మాట్లాడుడు నీతోని కాదు, ఇనుడు నాతోని కాదు. మంచిగనే కుదిరినం" అని నవ్వింది.

రెండోసారి కోసే ముందే డాక్టరు చెప్పాడు, పాత కోత మీద కోస్తే మొహానికి పోయే నరం తెగవచ్చని. ఆమె ఒప్పుకుంది. ఇంటికొచ్చేసరికి మూతి పక్కకు జారింది, కుడి కన్ను మూతపడేది కాదు. చెవి మాత్రం ఎండింది. గాయం మానాక ముందు చాప మీద కూర్చుంది. పాటలో మాటలు వంకరగా వచ్చినా కొంగు అడ్డం పెట్టుకోలేదు.

ఏడాది తిరక్కుండానే చీము, జ్వరం, తల పగిలే నొప్పి. మూడోసారి కోస్తే బతుకుతుందన్న భరోసా లేదన్నారు, కోయకపోయినా లేదన్నారు. మా ఆయన దవాఖానకు టాంగా మాట్లాడి తెచ్చాడు.

"నువ్వు చెప్తెనే ఇంటది. పోయి చెప్పు" అని నన్ను లోపలికి పంపాడు.

ఎడమ పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. నేను నోరు తెరవకముందే ఆమె నా మొహం చూసింది.

"ఎరికే బిడ్డా. అలిసిపోయిన. ఇంక కత్తి వద్దు."

చెప్పమన్న మాట నేను చెప్పలేదు. ఏం వండమంటావని అడిగాను. చింతచిగురు పప్పంది. బయట టాంగా ఖాళీగానే తిరిగి పోయింది.

ఈ పొద్దున ఊడుస్తూ ఆమె మంచాన్ని గోడకు జరపబోయి ఆగాను. ఎడమ పక్కన, నా పీట పట్టేంత జాగా అలాగే ఉంది. చీపురు పక్కన పెట్టి, అక్కడ కూర్చుని, నా చిన్న గొంతుతోనే అడిగాను, అత్తమ్మా, ఇవ్వాళ ఏం వండాలె అని.